టమాట మొక్కకి ఆకులు తెంపాలా, వద్దా?

బోడుప్పల్ డాబాతోట:

అందరికీ నమస్కారమండీ. మాది హైదరాబాద్ బోడుప్పల్, రెండంతస్తుల ఇల్లు. పైన డాబా మీద టమాట వేశాను. చుట్టూ ఇంకా అపార్ట్‌మెంట్లు లేవలేదు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండకి అడ్డం లేదు. వినాయక చవితి వెళ్లాక నారు పోసి, దసరా సెలవుల్లో 15 అంగుళాల గ్రో బ్యాగుల్లోకి మార్చాను. మట్టిలో మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపాను. సగం బ్యాగుల్లో అర్క రక్షక్, మిగతా సగంలో చెర్రీ టమాట.

ఇప్పుడు చెర్రీ నా భుజం దాటేసింది. అర్క రక్షక్ నడుము ఎత్తులో గుబురుగా ఉంది, లోపలికి చెయ్యి పెడితే అన్నీ ఆకులే. కింది గుత్తుల్లో కాయలు నిమ్మకాయంత అయ్యాయి, పైన ఇంకా పూత నడుస్తోంది. అడుగున ఆకులు కొన్ని పసుపుకి తిరిగాయి. రెండు మొక్కలకి గోధుమరంగు మచ్చలు కూడా వచ్చాయి.

నా టెన్షన్ ఏంటంటే, యూట్యూబ్‌లో చూసిన వీడియోల్లో కాయలకి వెలుతురు తగలాలని సగానికి పైగా ఆకులు కత్తిరించేస్తున్నారు. పక్కింటి ఆంటీది కూడా అదే మాట: "ఆకులు బలమంతా లాగేస్తాయమ్మా, తీసేయ్, అప్పుడే కాయ ఊరుతుంది." మా అమ్మ నల్గొండ వైపు చేలో టమాట పండించిన మనిషి. ఆవిడ ఒక్క ఆకు తెంపనివ్వడం లేదు. "ఆకు లేకపోతే చెట్టు ఏం తిని బతుకుతది" అంటోంది. కత్తెర కొని తెచ్చుకున్నాను గానీ ఇంకా పెట్టలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ఉప్పల్ తోటమాలి:

తీసేయండి మేడమ్, భయం వద్దు. నేను ప్రతి చలికాలం మోకాలి ఎత్తు దాకా ఒక్క ఆకు ఉంచను. గాలి ఆడుతుంది, నీళ్లు పోసినప్పుడు మట్టి చిందినా ఆకుకి తగలదు, కాయ కోసుకోవడం తేలిక. మొక్కకి పై ఆకులు చాలు.

మదనపల్లె టమాట:

అమ్మా, ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడ మాటలో పస ఉంది. మా ఇంట్లో టమాట తప్ప వేరే పంట తెలియదు. నేను కొన్నేళ్లు పాలీహౌస్‌లో కూడా పనిచేశాను, అందుకే ఆ వీడియోల్లో చేసే పని నాకు చేతితో తెలుసు. అక్కడ అది సరైన పనే. మీ డాబా మీద మాత్రం కాదు. ఎందుకో చెబుతాను.

పాలీహౌస్‌లో టమాటని ఒక్క కాండంగానో, రెండు కాండాలుగానో దారానికి చుట్టి పైకి పాకిస్తారు. మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం తక్కువ. అడుగు ఆకులకి వెలుతురు అందదు, తేమ నిలిచి బూజు వస్తుంది. అందుకని కింది గుత్తి పండుకి తిరుగుతున్నప్పుడు దాని కింద ఉన్న ఆకుల్ని వారానికి రెండు మూడు చొప్పున తీస్తూ పోతారు. పైన కొత్త ఆకులు వస్తుంటాయి గనక లెక్క సరిపోతుంది. పైగా కాయకీ ఎండకీ మధ్య ఒక పరదా ఉంటుంది, పాలిథిన్ షీటు. చలిదేశాల్లో అయితే అసలు ఎండే తక్కువ. ఆ వీడియో తీసినాయన కాయకి వెలుతురు కోసం తాపత్రయపడతాడు, మనం కాయకి నీడ కోసం తాపత్రయపడాలి.

"ఆకులు బలం లాగేస్తాయి" అన్నది చాలామంది నోట వింటుంటాను. ఆకు పుట్టినప్పుడు, సగం సైజు వచ్చేదాకా, పెద్ద ఆకుల మీద ఆధారపడి తింటుంది, నిజమే. ఆ తర్వాత అది వండి పెట్టేదే గానీ తినేది కాదు. ముసలిదై నీడలో పడ్డాక వండటం తగ్గిస్తుంది, అంతేగానీ మళ్లీ కాయ నోటి దగ్గరిది లాక్కోవడం ఉండదు. అడుగు ఆకు మచ్చా గిచ్చా లేకుండా సాఫీగా పసుపు తిరుగుతోందంటే, తనలో ఉన్న నత్రజనిని పై చిగుళ్లకి పంపేస్తోందని అర్థం. పంపనివ్వండి. పూర్తిగా పండాక వేలు తగిలితే అదే ఊడి వస్తుంది. త్వరత్వరగా ఎక్కువ ఆకులు పసుపు అవుతుంటే అది కత్తెరతో తీరే సమస్య కాదు, ఎరువు అడుగుతోంది. బ్యాగులో పెట్టిన పశువుల ఎరువు కాయ దిగే వేళకి చాలావరకు అయిపోతుంది.

ఇప్పుడు మీ రెండు రకాల సంగతి. వీటిని ఒకే కత్తెరతో చూడకూడదు. అర్క రక్షక్ బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్లది. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసిన హైబ్రిడ్. తట్టుకుంటుంది అంటే అసలు రాదని కాదు, వచ్చినా మొక్క నిలబడుతుంది. అది కొంత ఎత్తు పెరిగి ఆగే రకం. దాని కాపులో పెద్ద వాటా పక్క కొమ్మల మీదే ఉంటుంది. పిలకలు, అంటే ఆ పక్క కొమ్మలుగా ఎదిగే మొలకలు, తుంచారంటే ముందు రాబోయే కాపు తుంచినట్టే. దానికి మొదటి పూగుత్తి కింద ఉన్న పిలకలు, మట్టిని తాకే ఆకులు తీసి, కర్ర పాతి కట్టండి, చాలు. గుబురు చూసి కంగారు పడొద్దు, కాయని కాపాడేది ఆ గుబురే.

చెర్రీ అలా కాదు, వదిలితే డాబా అంతా పాకుతుంది. దానికి ఆకుల కంటే పిలకలు ముఖ్యం. ఆకు కాండానికి అతుక్కున్న చోట, ఆ చంకలోంచి ఏటవాలుగా చిన్న కొమ్మ లేస్తుంది చూడండి, అదే పిలక. పూగుత్తి ఎప్పుడూ చంకలోంచి రాదు, రెండాకుల మధ్య నేరుగా కాండం మీద నుంచి వస్తుంది. ఈ తేడా తెలిస్తే పూత పొరపాటున పోదు. పిలక చిటికెన వేలంత ఉన్నప్పుడే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పక్కకి వంచితే టప్పున విరుగుతుంది, కత్తెర అక్కర్లేదు. మీకు రెండు మూడు కాండాలు ఉంచుకోమని చెబుతాను. ఒక్క కాండానికి తెస్తే కాయ త్వరగా పండుతుంది గానీ మొత్తం మీద కాయల లెక్క తగ్గుతుంది. ఇంటికి రోజూ పిడికెడు కావాలి గాని ఒకేసారి బుట్టెడు ఎందుకు?

ఇక మచ్చల ఆకులు. వీటి విషయంలో మాత్రం మీ అమ్మగారి మాట పక్కన పెట్టండి. మచ్చని దగ్గరగా చూడండి: ఒకదాని లోపల ఒకటిగా గుండ్రటి వలయాలు, చుట్టూ పసుపు అంచు ఉంటే అది ఆకుమాడు తెగులు. మట్టిలోని శిలీంధ్రం నీటి తుంపరతో అడుగు ఆకు మీదికి ఎక్కి, అక్కణ్నుంచి మెట్టు మెట్టుగా పైకి పోతుంది. అలాంటి ఆకుని ఈరోజే తీసేయండి. తీసినదాన్ని కంపోస్టు డబ్బాలో వేయొద్దు, కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి. మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో రెండంగుళాల మందం పరిస్తే చింది పైకెక్కడం ఆగుతుంది. ఉప్పల్ వారు చెప్పిన మట్టి చిందే బాధకి నేనిచ్చే మందు ఇదే, మోకాలి దాకా బోడి చేయడం కాదు.

ఆకులు మరీ దూస్తే కాయకి ఏమవుతుందో మా మార్కెట్ యార్డుకి వస్తే కళ్లతో చూడొచ్చు. పచ్చికాయకి ఎండ పడిన వైపు ముందు తెల్లగా పాలిపోతుంది. తర్వాత అక్కడ తోలు పల్చబడి, ముడతపడి, లోపలికి దిగుతుంది. కొన్నాళ్లకి దాని మీద నల్లబూజు. మిగతా కాయ ఎర్రగా ఉన్నా గ్రేడింగ్‌లో పక్కకి తోసేస్తారు. దీన్ని ఎండదెబ్బ అంటాం. పురుగు కాదు, తెగులు కాదు, ఏ మందూ పనిచేయదు. కాయ మీద ఒక ఆకు ఉండుంటే సరిపోయేది. ఇంత కష్టపడి పెంచిన రైతు ఆ కాయల కుప్ప పక్కన నిలబడితే చూడలేం.

బోడుప్పల్ డాబాతోట:

చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాసినందుకు. మచ్చలు చూశాను, మీరు చెప్పినట్టే వలయాలు ఉన్నాయి, అడుగు ఆకులకే. అమ్మకి చదివి వినిపించాను. "మచ్చది తీస్తే నేనేం వద్దనలే" అంది. రెండు చిన్న సందేహాలు: ఒకేసారి ఎన్ని ఆకులు తీయొచ్చు? చెర్రీకి పిలకలు కొన్ని జానెడు పెరిగిపోయాయి, పారేయబుద్ధి కావడం లేదు.

గాజువాక పెరడు:

నేను సముద్రం పక్క నుంచి రాస్తున్నాను కాబట్టి ఇంకో మాట కలుపుతాను. మా గాలిలో తేమ ఎక్కువ, మొక్క లోపల ఆకు పొద్దెక్కినా ఆరదు. మాకు మధ్యలో కొంచెం పల్చన చేయక తప్పదు. నేను చేసేది ఏంటంటే, రెండు మొక్కల ఆకులు ఒకదానిమీద ఒకటి పడుకున్న చోట, లోపలివైపుకి తిరిగిన ఆకు ఒకటి తీస్తాను. పడమర వైపు ఆకు ముట్టుకోను, మధ్యాహ్నం ఎండ ఆపేది అదే. మదనపల్లె అన్న చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు, ఊరి గాలిని బట్టి కత్తెర నడవాలి.

ఇంకోటి, ఇంట్లో చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్న పెద్దవాళ్లు ఉంటే సబ్బుతో చేతులు కడుక్కోకుండా మొక్క మీద చెయ్యి వేయనివ్వకండి. పొగాకు మొజాయిక్ వైరస్ టమాటకీ అంటుతుంది, చేతుల ద్వారానే పాకుతుంది. మా తాతగారు చుట్ట తాగేవారు, నారు దగ్గరకి వచ్చేముందు మా నాయనమ్మ ఆయన చేత సబ్బుతో చేతులు కడిగించేది.

మదనపల్లె టమాట:

గాజువాక వారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. మా మదనపల్లె గాలి పొడి, వాళ్లది తడి. బోడుప్పల్ మావైపుకే దగ్గర.

అమ్మా, మచ్చల ఆకులు ఎన్ని ఉంటే అన్నీ తీయండి, అందులో లెక్క లేదు. బాగున్న ఆకులైతే ఒక్కో మొక్కకి వారానికి రెండు మూడు దాటొద్దు. ఒకేసారి ఎక్కువ దూస్తే మిగిలిన ఆకులు పైకి చుట్టుకుని, తోలులా గట్టిపడతాయి. అది చూసి వైరస్ అనుకుని మొక్క పీకేసేవాళ్లు ఉంటారు. వైరస్ ముడత అయితే ముందు చిగురులో కనిపిస్తుంది, చిగురాకులు చిన్నవై, అంచులు పసుపుబారి, మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. కత్తిరింపు వల్ల వచ్చే ముడత పాత ఆకులకే ఉంటుంది, రంగు పచ్చగానే ఉంటుంది, పూత ఆగదు.

పొద్దున మంచు ఆరాక, ఎండ ముదరక ముందు తీయండి. సాయంత్రం తీస్తే గాయం రాత్రంతా తడిగా ఉంటుంది. ఆకుని కాండం మొదట్లోకి తీయాలి, మొండి మిగలకూడదు, ఆ మొండి దగ్గరే బూజు పడుతుంది. మచ్చలున్న మొక్కని చివర్న ముట్టుకోండి. మొక్క మారినప్పుడల్లా కత్తెరని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

జానెడు పిలకల్ని పారేయొద్దు. తెగులు లేని మొక్కవి కోసి, అడుగు ఆకులు తీసి, గ్లాసు నీళ్లలో నీడన పెట్టండి. వేర్లు వేస్తాయి, ఆ తర్వాత మట్టిలో నాటుకోవచ్చు. సంక్రాంతికి ముందే నాటేయండి. ఆలస్యమైతే పూత ఎండల్లో పడుతుంది, పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాట పూత రాలుతుంది.

ఫిబ్రవరి దాటాక మంచి ఆకు ఒక్కటి కూడా తీయకండి. మార్చిలో పడమర వైపు 50 శాతం షేడ్‌నెట్ కట్టండి, మొక్కకి ఆనించకుండా అడుగు ఎడం వదిలి. చెర్రీ పైకి పాకుతుంది గనక నెట్ కర్రలు మీ తల కంటే ఎత్తుగా పెట్టించుకోండి.