క్లింటన్ నిజంగా ‘సైన్యమంటే అసహ్యం’ అని రాశాడా?

గోదారిగట్టు (ప్రశ్న):
‘నాకు సైన్యమంటే అసహ్యం’ అని బిల్ క్లింటన్ కుర్రతనంలో ఉత్తరం రాశాడంటూ మా గ్రూపులో ఒక పోస్టర్ తిరుగుతోంది. ఆ ఉత్తరం నిజమేనా? ఇలాంటివి సరిగ్గా ఎన్నికలప్పుడే బయటికొస్తాయి కదా, సరిచూసుకోవడం ఎలా?

పాతపేపర్లు:
ఉత్తరం నిజం. ఆ వాక్యం మాత్రం అందులో లేదు. 1969 డిసెంబరు 3న, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, కర్నల్ యూజీన్ హోమ్స్‌కి రాశాడు. హోమ్స్ అర్కాన్సా యూనివర్సిటీలో ఆర్ఓటీసీ అధిపతి. విద్యార్థులను సైనికాధికారులుగా తయారుచేసే విభాగం అది. అందులో చేరతానని మాటిచ్చి, తర్వాత వెనక్కి తగ్గినందుకు ఇచ్చుకున్న సంజాయిషీ ఈ ఉత్తరం. ఎంతోమంది మంచివాళ్ళు దేశాన్ని ప్రేమిస్తూనే సైన్యాన్ని అసహ్యించుకునే స్థితికి ఎలా వచ్చారో కర్నల్‌కి అర్థం కావాలన్నది అక్కడి మాట. మీలాంటి మంచివాళ్ళు జీవితాలే ధారపోసిన సైన్యం అని అదే వాక్యంలో ఉంది. 1992 ఫిబ్రవరి 12న, న్యూ హ్యాంప్‌షైర్ ప్రైమరీకి (పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకి) ఆరు రోజుల ముందు, ఉత్తరం జనంలోకొచ్చింది. ప్రచారంలో ‘ఎంతోమంది’ పోయి ‘నేను’ వచ్చి కూర్చుంది.

విచిత్రమేమిటంటే, మార్చనక్కర్లేకుండానే అది ఆయన్ని ఇరుకునపెట్టే ఉత్తరం. డ్రాఫ్టు (సైన్యంలోకి నిర్బంధ భర్తీ) నుంచి కాపాడినందుకు కృతజ్ఞతలు, రాజకీయాల్లో నిలబడటానికే డ్రాఫ్టుకి ఒప్పుకున్నానన్న మాట, రెండూ అందులోనే ఉన్నాయి.

రేవుకబుర్లు:
డెమోక్రాట్ సెనేటర్ జాన్ కెర్రీది ఇంకో రకం. అక్కడ మాటని తుంచింది ప్రత్యర్థులు కాదు, ఆయన నోరే. 2006 అక్టోబరు 30న పాసడీనా సిటీ కాలేజీలో, బాగా చదివితే పైకొస్తారు, లేదంటే ఇరాక్‌లో ఇరుక్కుపోతారు అన్నాడు. రాసుకొచ్చిన ప్రసంగంలో ఉన్నది వేరు: చదవకుండా బద్ధకిస్తే మనల్ని ఇరాక్ యుద్ధంలో ఇరికిస్తారు, కావాలంటే అధ్యక్షుడు బుష్‌ని అడగండి. ‘మనల్ని’ జారిపోయింది, దాంతోపాటు బుష్ పేరూ జారిపోయింది. ఎగతాళి కాస్తా సైనికుల మీదికి మళ్ళింది. మొదట మొండికేసి, నవంబరు 1న క్షమాపణ చెప్పి, ప్రచార సభలు మానుకున్నాడు. నవంబరు 7న డెమోక్రాట్లు కాంగ్రెస్‌లో రెండు సభలూ గెలిచారు. అందుకే ‘ఒక్క మాటతో ఎన్నిక తారుమారు’ అనే శీర్షికలు నేను అంత తేలిగ్గా నమ్మను.

అద్దాలమేడ:
గోదారిగట్టు గారూ, ముందు తేదీ, ఊరు పట్టుకోండి. ఆ రెండూ లేని కొటేషన్‌ని అక్కడే ఆపేయండి. ఉంటే సీ-స్పాన్ (రాజకీయ సభలను పూర్తిగా చూపించే అమెరికా టీవీ చానల్) వీడియోల్లో ఆ సభ దొరుకుతుందేమో వెతికి, ముందు అడిగిన ప్రశ్నా, ఆ తర్వాత ఒక నిమిషమూ వినండి. షరతు తరచుగా ఆ నిమిషంలోనే ఉంటుంది. 2008 జనవరి 3న న్యూ హ్యాంప్‌షైర్‌లోని డెర్రీలో, మన సైన్యం ఇరాక్‌లో యాభై ఏళ్ళు ఉండాలా అని ఒకాయన అడిగితే, రిపబ్లికన్ పార్టీ నుంచి అధ్యక్ష పోటీలో ఉన్న జాన్ మెకెయిన్ ‘వందేళ్ళయినా సరే’ అన్నాడు. వెంటనే జపాన్, దక్షిణ కొరియాల్లోని స్థావరాలను చూపించి, మనవాళ్ళు చావకుండా, గాయపడకుండా ఉన్నంతవరకు అన్నాడు. డెమోక్రాటిక్ పార్టీ ప్రకటనలో ఆ షరతు లేదు. ఉండటానికీ యుద్ధం చేయడానికీ తేడా చెరిగిపోయి, ‘వందేళ్ళ యుద్ధం’ అయిపోయింది.

పాతపేపర్లు:
ఒక హెచ్చరిక. పూర్తి వీడియో ప్రతిసారీ నాయకుణ్ణి కాపాడదు. కనెక్టికట్ రాష్ట్రంలో డెమోక్రాట్ నాయకుడు రిచర్డ్ బ్లూమెంథాల్ 2008లో ‘నేను వియత్నాంలో పనిచేసిన రోజుల నుంచి’ అన్నాడు. 2010 సెనేట్ పోటీలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని బయటపెట్టింది. అదే ప్రసంగంలో ముందు ‘వియత్నాం కాలంలో’ అని సరిగ్గానే చెప్పాడని తర్వాత తేలింది. అయినా రెండో మాట అబద్ధమే. మెరీన్ దళపు రిజర్వు విభాగంలో పనిచేసినా వియత్నాం వెళ్ళలేదు. ఇలాంటి చోట వీడియోతో తేలదు, సర్వీసు రికార్డు కావాలి. సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రానికి సమాచార చట్టం కింద అర్జీ పెడితే హోదా, సర్వీసు తేదీలు, పతకాల వంటి పరిమిత వివరాలు ఎవరికైనా ఇస్తారు. వైద్య వివరాలు మాత్రం రావు.