కైరోప్రాక్టిక్ కళాశాలల ఆశయ ప్రకటనలు: చేరే ముందు మీరు వాటిలో ఏం చూశారు?

కొత్త విద్యార్థి:
సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో కైరోప్రాక్టిక్ (వెన్నుపూసలను, కీళ్లను చేత్తో సర్ది చికిత్స చేసే విద్య) చదవాలని నిశ్చయించుకున్నాక మూడు కళాశాలల ఆశయ ప్రకటనలను పక్కపక్కన పెట్టుకుని చదివాను. విద్య, పరిశోధన, రోగి సేవ అనే మాటలు మూడింటిలోనూ ఉన్నాయి. తేడా వాటి తర్వాతి వాక్యాల్లో కనబడింది. వెన్నుపూసల సబ్‌లక్సేషన్‌ను, అంటే పూసలు స్వల్పంగా తప్పుకోవడాన్ని, సరిచేసి, శరీరానికి సహజంగా ఉన్న స్వస్థతాశక్తికి అడ్డు తొలగించడమే ధ్యేయమని ఒక కళాశాల రాసుకుంది. రుజువుల ఆధారంగా వెన్ను, కీళ్ల, కండరాల సమస్యలను గుర్తించి, ఇతర వైద్యులతో కలిసి పనిచేసే వారిని తయారుచేస్తామని మరొకటి చెప్పింది. మూడోది ఈ రెండింటినీ కలిపి రాసింది. ఈ మాటల తేడా తరగతి గదిలోనూ క్లినిక్‌లోనూ నిజంగా కనబడుతుందా? చదివినవారు, చదువుతున్నవారు తమ అనుభవం చెప్పగలరని మనవి.

పాతకాపు:
కనబడుతుంది. ఆ తేడాకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది కనుక కొంచెం వెనక్కి వెళ్లాలి. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే అయస్కాంత చికిత్సకుడు, హార్వీ లిల్లార్డ్ అనే కార్మికుడి వెన్నుపూసను చేత్తో సర్దాననీ, దానితో అతని వినికిడి మెరుగుపడిందనీ ప్రకటించాడు. ఆ నమ్మకం మీదే 1897లో మొదటి పాఠశాల మొదలైంది. పూసలు స్వల్పంగా తప్పుకుంటే నాడులకు అడ్డు కలిగి రోగాలు పుడతాయనేది ఆనాటి సిద్ధాంతం. ఆ తర్వాత కొద్ది కాలానికే ఈ వృత్తి రెండుగా చీలింది. పూసలను సర్దడం తప్ప మరేదీ చేయరాదన్నవారిని "స్ట్రెయిట్లు" అనీ, వ్యాయామం, ఆహార సలహా, ఇతర చికిత్సలు కూడా చేర్చుకున్నవారిని "మిక్సర్లు" అనీ పిలిచేవారు. మీరు చదివిన మొదటి రెండు ప్రకటనలు ఈ రెండు పాయల వారసులే.

నా అభిప్రాయం దాచుకోను. సబ్‌లక్సేషన్‌ను చరిత్రగా బోధించడం వేరు, రోగాలకు మూలకారణంగా బోధించడం వేరు. బ్రిటన్‌లో ఈ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ 2010లోనే, ఆ భావన చారిత్రకమైనదనీ, అదే జబ్బులకు కారణమని చెప్పుకోవడానికి తగిన పరిశోధనా రుజువు లేదనీ స్పష్టంచేసింది. కళాశాల తన ఆశయంలో ఆ మాటను ఏ అర్థంలో వాడుతోందో ప్రవేశాల విభాగాన్ని అడిగి తెలుసుకోండి.

మూడో ఏడు:
నేను చదువుతున్నది రెండో రకం కళాశాలలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పూర్తిస్థాయి చదువుకు కనీసం 4,200 గంటల బోధన ఉండాలి, అందులో కనీసం 1,000 గంటలు పర్యవేక్షణలో జరిగే క్లినిక్ శిక్షణ కావాలి. మొదటి ఏడాదిన్నర దాదాపుగా అనాటమీ, ఫిజియాలజీ, పాథాలజీలతోనే గడిచిపోయింది. శవపరిచ్ఛేదం ముగిసేనాటికి, వీపు మీద చేయి పెట్టగానే చర్మం కింద ఏ కండరం ఏ దిక్కుగా వెళ్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాము.

చేతి విద్య గురించి ఒక సంగతి చెప్పాలి. మొదటి వారంలో మా అధ్యాపకుడు ఒక వెంట్రుకను కాగితం కింద పెట్టి వేలి కొనతో దాన్ని కనిపెట్టమన్నారు. దొరికాక ఇంకొక కాగితం కప్పారు, ఆపైన మరొకటి. తొమ్మిదో కాగితం దగ్గర నా వేలికి ఏమీ తెలియలేదు, పక్కనున్న అమ్మాయి పదమూడు దాకా వెళ్లింది. ఇప్పుడు బలాన్ని కొలిచే బల్ల మీద అభ్యాసం చేస్తున్నాము. ఒత్తిన ప్రతిసారీ ఎంత బలం పడిందో, ఎంత వేగంగా పడిందో తెర మీద గీతగా కనబడుతుంది. తక్కువ బలంతో, సెకనులో చిన్న భాగంలో ఒత్తిడి ముగించడం అలవడడానికి నాకు ఒక సెమిస్టరు పట్టింది. నైపుణ్యాన్ని పెంపొందిస్తామని ప్రకటనలో రాసిన వాక్యానికి మా దగ్గర రుజువు ఆ గీతే.

మాజీ అధ్యాపకురాలు:
కొన్నేళ్లు బోధనా క్లినిక్‌లో పర్యవేక్షకురాలిగా పనిచేశాను కనుక లోపలి సంగతి కొంత వివరిస్తాను. ఆశయ ప్రకటన గోడకు వేలాడే ఫలకంగా మిగిలిపోవచ్చు, లేదా పరీక్ష పత్రం దాకా ప్రయాణించవచ్చు. అమెరికాలో కౌన్సిల్ ఆన్ కైరోప్రాక్టిక్ ఎడ్యుకేషన్ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది, దానికి 1974లో ప్రభుత్వ విద్యాశాఖ ఆమోదం లభించింది. రోగిని పరీక్షించి నిర్ధారణ చేయడం, చికిత్స ప్రణాళిక వేయడం, ఆరోగ్య సంరక్షణ, రోగితో మాటతీరు, రికార్డుల నిర్వహణ, వృత్తి నీతి, సమాచారాన్ని వెదికి తూచడం, చేతితో చేసే చికిత్స, ఇతర వైద్య వృత్తులవారితో కలిసి పనిచేయడం వంటి సామర్థ్యాలు ప్రతి విద్యార్థికీ అలవడినట్టు కళాశాల చూపించాలి. గమనించండి, పూసలు సర్దడం ఆ వరుసలో ఒక్క అంశం మాత్రమే.

నేను విద్యార్థుల్లో అన్నిటికంటే ముందు వెదికింది, ఎప్పుడు చేయి వేయకూడదో తెలుసా అన్నది. ఒకసారి నడుము నొప్పితో వచ్చిన రోగిని మా ఇంటర్న్ బల్ల మీద పడుకోబెట్టి చికిత్సకు సిద్ధమయింది. పత్రంలో మూత్రవిసర్జన గడి ఖాళీగా ఉంది. వెళ్లి మళ్లీ అడగమన్నాను. రెండు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదనీ, తొడల మధ్య భాగం మొద్దుబారిందనీ ఆయన సంకోచిస్తూ చెప్పారు. వెన్ను చివరి నాడుల గుచ్ఛం నలుగుతోందనడానికి అవి గుర్తులు, గంటల వ్యవధిలో శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరికి చేరవలసిన స్థితి. వెంటనే అత్యవసర విభాగానికి పంపాము. ఆ సాయంత్రం ఆ అమ్మాయి చాలాసేపు ఆ గడినే చూస్తూ కూర్చుంది, నేనూ పక్కనే కూర్చున్నాను. విద్యాలక్ష్యాల్లో ఏ ఒక్కటి ఉంచుకోమన్నా నేను దీన్నే ఉంచుకుంటాను.

మెడ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువగా ఉండాలి. మెడను సర్దిన తర్వాత మెడ ధమని గోడ చీలి పక్షవాతం వచ్చిన సంఘటనలు అరుదుగా నమోదయ్యాయి. చికిత్సే కారణమా, లేక అప్పటికే మొదలైన చీలిక నొప్పితోనే రోగి వచ్చాడా అన్న చర్చ ఉన్నప్పటికీ, ఆ ప్రమాదాన్ని ముందే రోగికి చెప్పి అంగీకారం తీసుకోవడం ఎలాగో కళాశాల నేర్పాలి.

మళ్లీ నేర్చుకున్నాను:
మీరు చెప్పిన మొదటి రకం కళాశాలలో చదివాను, పేరు అనవసరం. న్యాయంగా చెప్పాలంటే అక్కడ చేతి నైపుణ్యం అద్భుతంగా నేర్పారు, గురువులు రోగులను ప్రేమగా చూసేవారు. కానీ అవసరం ఉన్నా లేకున్నా ప్రతి రోగికీ వెన్నెముక మొత్తం ఎక్స్‌రే తీయించి, అందులో గీతలు గీసి, కోణాలు కొలిచి, నెలల తరబడి రావలసిన ప్రణాళిక ఇవ్వడం మా క్లినిక్‌లో ఆనవాయితీ. చదువు ముగించి బయటికి వచ్చాక, మామూలు నడుము నొప్పికి మొదటిరోజే ఎక్స్‌రే అవసరం లేదన్న మార్గదర్శకాలు చదివినప్పుడు నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలిగింది. ఆ క్లినిక్‌లో నా దగ్గరికి వచ్చినవారి ముఖాలు గుర్తొచ్చాయి.

కొత్త విద్యార్థి:
ఇంత మనసు విప్పి రాసినందుకు కృతజ్ఞతలు. మరి పరిశోధన, ఇతర వైద్యులతో కలిసి పనిచేయడం అన్న వాగ్దానాలను ఎలా పరీక్షించాలి?

పాతకాపు:
కలిసి పనిచేయడం అనేది ఈ వృత్తికి తేలికగా దక్కలేదు. తమను వైద్యలోకం బహిష్కరించిందంటూ కైరోప్రాక్టర్లు 1976లో వేసిన దావాలో, 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌కు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఆ తర్వాత పరిస్థితి చాలా మారింది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుము నొప్పికి మందులు లేని పద్ధతులను ముందు ప్రయత్నించాలని చెబుతూ వెన్ను మానిప్యులేషన్‌ను (చేత్తో సర్దడాన్ని) కూడా అందులో చేర్చింది. డెన్మార్క్‌లోని ఓడెన్సేలో కైరోప్రాక్టిక్ విద్యార్థులు విశ్వవిద్యాలయంలోనే, వైద్య విద్యార్థులతో కలిసి పాఠాలు వింటారు. కాబట్టి కళాశాలను సూటిగా అడగండి: ఇంటర్న్‌లను ఏ ఆసుపత్రులకు పంపుతారు, అధ్యాపకుల్లో ఎందరికి పరిశోధనకు విడిగా సమయం కేటాయించారు?

మూడో ఏడు:
లైసెన్సు కోసం రాసే నేషనల్ బోర్డు పరీక్షలోని నాలుగు భాగాల ఉత్తీర్ణత శాతాన్నీ, చదువు పూర్తి చేసేవారి శాతాన్నీ గుర్తింపు పొందిన కళాశాలలు బహిరంగంగా ప్రకటించాలి. ఒక్క ఏడాది అంకె చూసి ఊరుకోకుండా నాలుగేళ్ల వరుస చూడండి.

కొత్త విద్యార్థి:
వచ్చే నెల రెండు కళాశాలలకు వెళ్తున్నాను. క్లినిక్ లోపలికి రానిస్తారా?

మాజీ అధ్యాపకురాలు:
రోగుల గోప్యత వల్ల చికిత్స గదుల్లోకి రానివ్వరు. ఇంటర్న్‌లు పర్యవేక్షకుడికి కేసు వివరించే గదిలో కాసేపు కూర్చోనివ్వమని ముందుగానే ఉత్తరం రాయండి, రోగి పేరు చెప్పకుండా వివరించే పద్ధతి ఉన్న చోట ఒప్పుకుంటారు. అక్కడ పర్యవేక్షకుడు వేసే మొదటి ప్రశ్న ఏ పూస గురించో, లేక రోగి ఏమన్నాడన్న దాని గురించో శ్రద్ధగా వినండి.