క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకి, ఇంట్లోవాళ్లకి తోడుగా ఎలా ఉండాలి? మీ అనుభవాలు చెప్పండి

దిల్‌సుఖ్‌నగర్_చెల్లెలు
అందరికీ నమస్కారం. మా అక్కకి నలభై రెండేళ్లు. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, చంకలో గడ్డలు కూడా తీశారు. వచ్చే గురువారం మొదటి కీమో. వైద్యం డాక్టర్లు చూసుకుంటున్నారు, ఇంటి సంగతే నాకు పాలుపోవడం లేదు. చుట్టాలు వచ్చి కూర్చుని "ఎవరి దిష్టో తగిలింది" అంటారు, "మా తోడికోడలికీ ఇదే, పాపం పోయింది" అంటారు. పైగా అక్కే లేచి వాళ్లకి టీ పెడుతుంది. బావ ఆఫీసు, హాస్పిటల్, ఇల్లు తప్ప నోరు విప్పరు. పాపకి తొమ్మిదేళ్లు, అమ్మకి చేయి నొప్పి అని చెప్పి ఉంచాం. మీ ఇళ్లలో ఏది పనికొచ్చిందో, ఏది బాధపెట్టిందో చెప్పండి.

ఈసీఐఎల్_వదిన
చెల్లీ, నాది ఇదే క్యాన్సర్, అయి ఏండ్లు గడిచినయ్. చూడనీకి వచ్చేటోళ్లని ఆపుడు నీ పని. మీ అక్కతోని కాదు, మర్యాద అడ్డమొస్తది. మా వదిన గేటు కాడ నిలబడి "ఇప్పుడే పండుకుంది" అని చెప్పి పంపేది. ఏమన్న చెయ్యాల్నా అని అడిగినోళ్లకి పని చెప్పేది. "రేపు బాబుని ట్యూషన్ నుంచి తోల్కరా" అనేది. ఎవలూ తప్పు పట్టలే.

ఇంకో సంగతి. కీమో ఎక్కించిన వారం పది దినాలకు తెల్ల రక్తకణాలు బాగ పడిపోతయ్. జలుబు, దగ్గు ఉన్నోళ్లని అప్పుడు లోపలికి రానియ్యకు. జ్వరం 100.4 వచ్చిందంటే గోలీ వేసి చూద్దామనొద్దు, అర్ధరాత్రయినా హాస్పిటల్‌కు పోవాలె.

జుట్టు రెండు మూడు వారాలకు ఊడుడు మొదలైతది. దిండు మీద కుచ్చులు చూసి తట్టుకునుడు కష్టమని నేను ముందే కురచగ కత్తిరిచ్చుకున్న. కత్తెర మా వదినే పట్టింది. ఇద్దరం మస్తు ఏడ్చినం, తర్వాత ఉప్మా చేసుకొని తిన్నం. మందులు అయిపోయినంక మళ్లొచ్చింది, మొదట రింగులు రింగులుగ.

చంక గడ్డలు తీసిన వైపు చెయ్యి వాపు రావొచ్చు. ఆ చేతికి బీపీ, సూది వద్దంటరు, బిగుతు గాజులు కూడా వద్దు. ఒక్క చేతికే గాజులేసుకొని పేరంటానికి పోతే ఒకామె అందరి ముందట అడిగింది, ఇదేం తీరని. మా అత్తమ్మ లేచి "డాక్టరు చెప్పిండు. ముందు నా కోడలికి బొట్టు పెట్టు" అన్నది. ఆ యాడాది కొందరు నన్ను పసుపు కుంకుమకు పిలుసుడే బంద్ చేసిన్రు. మా అత్తమ్మ ఒక్క మాట నాకు ఎంత బలమో చెప్పలేను.

ఉప్పల్_నాన్న
మీ బావగారి గురించి. నేను భయపడితే భార్య ధైర్యం పోతుందని మాలాంటి మగవాళ్లకి నోరు రాదమ్మా. నేను పార్కింగ్‌లో స్కూటర్ మీదే కాసేపు కూర్చుని అప్పుడు పైకి వెళ్లేవాణ్ని. మా బామ్మర్ది కీమో రోజున వచ్చి, ఏమీ అడక్కుండా ఫైలు తీసుకుని బిల్లింగ్ క్యూలో నిలబడేవాడు. నేను మొదట మనసు విప్పింది అతని దగ్గరే. ఒక కీమో రోజు మీరు తీసుకుని ఆయన్ని ఇంట్లో నిద్రపోనివ్వండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడటానికి టెలీ మానస్ 14416 అని 2022లో కేంద్రం పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా ఎత్తుతారు. జబ్బు ఉన్నవాళ్లకే అనుకోకండి, చూసుకునేవాళ్లూ చేయొచ్చు. నేను చేశాను.

నల్గొండ_బిడ్డ
మా అమ్మకి తెలిసేసరికే ముదిరిపోయింది. ఒకచోట డాక్టరు అమ్మ ఎదుటే "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు. తర్వాత హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె.కి తెచ్చాం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. అదే నెలలో ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి మొదలైంది, ఎక్స్‌ప్రెస్ బస్సులో ఇద్దరికీ జీరో టికెట్. డబ్బు మిగలడం ఒకెత్తు, "నీకు బరువైపోయాను బిడ్డా" అనే మాట అమ్మ నోట తగ్గడం ఇంకొకెత్తు.

పాలియేటివ్ కేర్ అనగానే చుట్టాలు "ఆశ వదిలేశారా" అన్నారు. అది నొప్పి, వాంతులు, నిద్ర, భయం చూసే వైద్యం. చికిత్స నడుస్తుండగానే తీసుకోవచ్చు, ఎం.ఎన్.జె.లోనే ఆ విభాగం ఉంది. నొప్పి తగ్గించే మార్ఫిన్ మొదలుపెట్టాక అమ్మ రాత్రంతా నిద్రపోయి, పొద్దున లేచి పచ్చిపులుసు అడిగింది. ఇంట్లో చూసుకోలేని స్థితి వస్తే ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ అని చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే చోటు ఉంది, డబ్బు తీసుకోరు. అవసరం పడకముందే తెలుసుకుని ఉండటం మంచిది.

పేరు_వద్దు
నాది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రొమ్ము క్యాన్సర్‌కి అక్టోబరులో గులాబీ రిబ్బన్లయినా కనిపిస్తాయి, మాది పైకి చెప్పుకోవడానికే లేదు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుందని తెలిసి అత్తగారివైపు వాళ్లు నా నడత మీద మాట్లాడారు. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందికే క్యాన్సర్ దాకా వస్తుంది. డాక్టరమ్మ మా ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పారు, ఆయన వాళ్లమ్మకి చెప్పారు. నా కంచం, గ్లాసు వేరే పెట్టడం ఆ రోజుతో ఆగిపోయింది. నేను వంద సార్లు చెప్పినా ఆగనిది. మగవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మీ ఇంట్లో మీరు నోరు తెరవండి.

దిల్‌సుఖ్‌నగర్_చెల్లెలు
చదువుతుంటే కళ్లు చెమరుస్తున్నాయి. పాపకి చెప్పాలా వద్దా, అది ఒక్కటి తేలడం లేదు.

సైనిక్‌పురి_టీచర్
చెప్పండమ్మా, జుట్టు ఊడకముందే. ఆ వయసు పిల్లలకి గుసగుసలన్నీ వినబడతాయి. క్యాన్సర్ అనే పేరు మీరు చెప్పకపోతే స్కూల్ బస్సులో ఇంకెవరో చెప్తారు. నా క్లాసులో ఒక పాప "నేను అన్నం తినకుండా ఏడిపించినందుకే అమ్మకి జబ్బు చేసింది" అంది. అందుకని నీ వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు అని విడమరిచి చెప్పండి. తగ్గిపోతుందా అని అడిగితే ఒట్లు పెట్టకండి, డాక్టర్లు గట్టి మందే ఇస్తున్నారనండి. రేపటి నుంచి జడ ఎవరు వేస్తారు, బస్సు దగ్గరికి ఎవరొస్తారు అన్నది కూడా చెప్పాలి, పిల్లలకి అసలు దిగులు అక్కడే. క్లాస్ టీచర్‌తోనూ ఒక మాట అనండి.

దిల్‌సుఖ్‌నగర్_చెల్లెలు
నిన్న అక్కే చెప్పింది. పాప కాసేపు ఊరుకుని "మరి నా డాన్స్ క్లాసుకి?" అంది. బావ "నేను తీసుకెళ్తా" అన్నారు. ఈ నెల రోజుల్లో ఆయనంతట ఆయన అన్న మాట అదే. చుట్టాల వాట్సాప్ గ్రూపులో వంట ఏ రోజు ఎవరిదో రాసి పెట్టాను, ఇద్దరు పిన్నులు వెంటనే ఒప్పుకున్నారు. గురువారం నేను సెలవు పెట్టాను. అక్క స్కార్ఫ్ వద్దంటోంది, విగ్గు ఎక్కడ తీసుకోవాలో ఎవరికైనా తెలుసా?

ఈసీఐఎల్_వదిన
అప్పుడే కొనకు. నాది ఇంట్లనే ఉన్నది, శుభ్రంగ కడిగి పెట్టిన. మెసేజ్‌ల అడ్రస్ పంపు, ఆదివారం తెస్త. అక్క పెట్టుకొని చూసుకోనీ, నచ్చితేనే ఉంచుకోమను.