ధనియాల చేను తెల్లగా పూసింది, నిండా పెంకు పురుగులు. మందు కొట్టాలా, వద్దా?

నల్లరేగడి_రైతు:
మూడెకరాలు కౌలుకి తీసుకుని ధనియాలు వేశాను, సాధన రకం. ఇప్పుడు చేనంతా మరమరాలు చల్లినట్టు పూత. గుత్తుల కింద కాడలకి రసం పీల్చే పేనుబంక పురుగు పట్టింది. పూల మీద ఎర్ర పెంకు పురుగులు, గుత్తికి ఒకటో రెండో. షాపులో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇచ్చారు. పూత మీద కొట్టొచ్చా? ఈ పురుగులు పూతని తినేస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది.

మిద్దెతోట_లక్ష్మి:
అయ్యో, కొట్టకండి! అవి అక్షింతల పురుగులు. పేనుబంకను తినడానికే వచ్చాయి. బూడిద రంగులో బుల్లి మొసళ్లలా పాకేవి కూడా కనిపిస్తాయి చూడండి, అవి వాటి పిల్లలు. మొదటి ఏడాది తెలియక నేను చీపురు పుల్లతో ఏరి మరీ చంపాను.

రిటైర్డ్_మాస్టారు:
తొందరపడకండి. వంగ ఆకుని జల్లెడ చేసే ఎపిలాక్నాని కూడా మనవాళ్లు అక్షింతల పురుగనే అంటారు. దానికి ఇరవై ఎనిమిది చుక్కలు, ఒంటి మీద సన్నని నూగు, మెరుపుండదు. పేనుబంకను తినేది నూనె రాసినట్టు మెరుస్తుంది. ఏడు చుక్కలో, వంకర గీతలో ఉంటాయి. ముందు చుక్కలు లెక్కపెట్టి చెప్పండి.

నల్లరేగడి_రైతు:
మాస్టారూ, మూడెకరాల్లో పురుగు పురుగుకీ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనా?

రిటైర్డ్_మాస్టారు:
ఒక్కదానికి చాలు.

పల్నాటి_కుర్రాడు:
కొట్టెయ్ అన్నా. పురుగంటే పురుగే.

మిద్దెతోట_లక్ష్మి:
ఇలాంటి మాటల వల్లే ఇవాళ మిత్ర పురుగులు లేకుండా పోతున్నాయి. వేపనూనె కొట్టండి, చాలు.

నల్లరేగడి_రైతు:
మేడం, నిరుడు ఇదే మాట వీడియోలో విని వేపనూనెతో సరిపెట్టాను. పక్క చేలో ఎకరానికి ఐదు బస్తాలయితే నాకు మూడు. గింజ కూడా తాలు. ఆ రెండు బస్తాలు ఎవరిస్తారు?

మిద్దెతోట_లక్ష్మి:
అది పేనుబంక వల్లే అని ఎలా చెప్తారు? బూడిద తెగులు వచ్చిందేమో.

నల్లరేగడి_రైతు:
చేను చూసింది మీరా, నేనా?

తేనెపెట్టె:
చూసినవాణ్ణి నేను చెప్తాను. నిరుడు ధనియాల చేల గట్టున పదహారు తేనెటీగల పెట్టెలు పెట్టాను. ఒకాయన పొద్దున పదింటికి మందు కొట్టాడు, ఈగలు పూల మీద ముమ్మరంగా ఉండే వేళ. మధ్యాహ్నానికి పెట్టెల ముందు వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతున్నాయి, నాలుకలు బయటికి వచ్చి. చీపురుతో ఊడ్చి చాటకెత్తాను. ఏడు పెట్టెలు ఖాళీ. ఆయన అన్న మాట ఒకటే: "నా చేను, నా ఇష్టం."

పల్నాటి_కుర్రాడు:
ఆయన చేలో మీ ఈగలు మేస్తే ఆయనకేంటి లాభం?

తేనెపెట్టె:
లాభమా? ధనియాల పువ్వులో ముందు కేసరాలు విచ్చుకుని పుప్పొడి రాలిపోతుంది. ఆ తర్వాత గానీ అదే పువ్వులో పుప్పొడి అందుకునే కీలాగ్రం సిద్ధం కాదు. కాబట్టి పక్క పువ్వు నుంచి పుప్పొడి ఎవరో ఒకరు మోసుకురావాలి. గుత్తిని దగ్గరగా చూడు తమ్ముడూ, అంచు పూలు ముందు విచ్చుకుంటాయి, వాటి బయటి రేకులు పెద్దవి. ఈగల్ని పిలవడానికే ఆ అలంకారం. ఈగలు తిరిగిన చేలో గింజ బాగా కడుతుంది.

పల్నాటి_కుర్రాడు:
గాలికి పడదా?

తేనెపెట్టె:
మొక్కజొన్నకి గాలి చాలు. ఇది మొక్కజొన్న కాదు.

గాలివాన:
ఇమిడాని యూరప్‌లో 2018లోనే ఆరుబయట పొలాల్లో వాడకుండా ఆపేశారు. మనమేమో ఇంకా పూత మీద కొట్టొచ్చా అని అడుగుతున్నాం.

నల్లరేగడి_రైతు:
నా చేను యూరప్‌లో లేదు.

మిద్దెతోట_లక్ష్మి:
వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం దేనికండీ?

నల్లరేగడి_రైతు:
చెప్తాను వినండి. మీకు కుండీలో నాలుగు మొక్కలు పురుగు తింటే ఫోటో తీసి పెట్టుకుంటారు. నాకు విత్తనం, డీఏపీ, మందులు అన్నీ ఆ షాపులోనే ఖాతా. కౌలు రైతుని, బ్యాంకు గడప తొక్కనివ్వదు. ఆయన సీసా చేతిలో పెట్టి పుస్తకంలో రాసుకుంటే వద్దనే ధైర్యం నాకు లేదు. వద్దంటే వచ్చే ఏడు శనగకి అప్పు పుట్టదు. పండిన ధనియాలు కూడా ఆయనకే కొలవాలి. ఎవరైనా ఒకరు "కొట్టొచ్చులే" అంటే మనసు కుదుటపడుతుందని అడిగాను. చాలా?

(చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు.)

తేనెపెట్టె:
ఆ మాట మొదటే చెప్పాల్సింది అన్నా. నా కోపం మీ మీద కాదు. సీసా తీసుకున్నారు కాబట్టి కొట్టాలనేం లేదు కదా. తప్పదనుకుంటే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక, పేనుబంక ఉన్న మూల వరకే కొట్టండి. గట్టున పెట్టెలుంటే ముందురోజే కబురు చెయ్యండి.

రిటైర్డ్_మాస్టారు:
ఇది అలాంటి మందు కాదు బాబూ. మొక్కలోకి దిగుతుంది. సాయంత్రం కొట్టినా మర్నాడు పూతేనెలో ఉంటుంది. పుప్పొడిలోనూ ఉంటుంది.

తేనెపెట్టె:
తెలుసండి. మొత్తం చేను పొద్దున పదింటికి కొట్టడం కన్నా నయమని అన్నాను.

మిద్దెతోట_లక్ష్మి:
రైతుగారూ, ఫోటోల మాట నిజమే. నేను అలా మాట్లాడకుండా ఉండాల్సింది. కానీ వారం రోజులు ఆగి చూడగలరా?

నల్లరేగడి_రైతు:
సీసా సీలు ఇంకా తియ్యలేదు. డబ్బులు మాత్రం రాసేసుకున్నాడు.

రిటైర్డ్_మాస్టారు:
అందరూ అరుచుకున్నారు గానీ చుక్కలెన్నో ఇంకా తేలలేదు.

నల్లరేగడి_రైతు:
మావాణ్ణి పంపాను. గుత్తి తుంచుకొచ్చాడు, పురుగు దాని మీదే ఉంది. ఏడు. మెరుస్తోంది.