గోదావరి డెల్టా శివారుకి (కాలువ చివరి పొలాలకి) కరువు తట్టుకునే వరి కావాలా, నీళ్లు కావాలా?

శివారు రైతు: మొన్న దాళ్వాలో (రబీ పంటలో) చేను పొట్ట మీదుండగా కాలువ నీళ్ల వంతు తప్పింది. పదమూడు రోజులు కాలువలో బురదే. ఇంజన్ పెట్టి డ్రెయిన్ నీళ్లు తోడితే ఉప్పుకి ఆకు కొసలు మాడాయి. ఆఖరికి వెన్నులు వంగలేదు, నిటారుగా నిలబడ్డాయి. వేళ్లతో నొక్కి చూస్తే తాలు. జార్ఖండ్, ఒడిశాలకి 2010లోనే కరువు తట్టుకునే సహభాగి ధాన్ అనే వరి ఇచ్చారు కదా, మన శివారుకి అలాంటిది ఎందుకుండకూడదు?

కాలువ గట్టు: గోదారి పక్కన కూర్చుని కరువు విత్తనం అడగడమేంటండీ! మన అసలు బాధ సార్వాలో (ఖరీఫ్‌లో) ముంపు. దానికి 2009లో స్వర్ణ సబ్-1 వచ్చింది, రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది. దాళ్వా ఎండడం విత్తనం తప్పు కాదు. ధవళేశ్వరం దగ్గర చెప్పుకోదగ్గ నిల్వ లేదు, గోదారి తగ్గాక సీలేరు జలాశయాల నుంచి వదిలితేనే మనకి నీళ్లు. ఎగువోళ్లు తూములకి అడ్డాలేసి మళ్లించేసుకుంటే శివారుకి ఏం మిగులుతుంది? కరువు వంగడం వచ్చిందంటే నీళ్లు వదిలేవాళ్లు మొదట అనే మాట ఇదే: ‘మీకు ఆ విత్తనం ఉందిగా, ఇంకో వారం ఆగండి’.

విత్తనాల పిచ్చి: ఆ భయం నిజమే గానీ ఒక్క మాట. కరువు తట్టుకునే వరి అంటే నీళ్లు లేకుండా పండే వరి కాదు. పాత పద్ధతిలో నీళ్లు నిండుగా పెట్టిన మడిలో ఏది ఎక్కువ పండితే దాన్నే ఏరేవారు. తర్వాత ఈనిక వేళ కావాలనే నీళ్లు ఆపి, అప్పుడు ఎంత గింజ కట్టిందో తూచి ఏరడం మొదలెట్టారు. సహభాగి ఆ దారిలో వచ్చిందే. శివారు రైతు గారికి దెబ్బ తగిలింది సరిగ్గా ఆ దశలోనే.

ఇంకోటి, 2025 మేలో ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం రకం కాటన్ దొర సన్నాల్లో (ఎంటీయూ 1010) జన్యువు సవరించి చేసిందే. ఆకు మీద సూక్ష్మ రంధ్రాలు తగ్గి నీరు ఆవిరవడం తగ్గుతుందని, ఉప్పుని కూడా ఓర్చుకుంటుందని లెక్క. డ్రెయిన్ నీళ్లు తోడుకునే వాళ్లకి ఈ రెండో గుణమే ముఖ్యం అనిపిస్తోంది నాకు.

కౌలు బస్తా: అందరూ గింజ గురించే మాట్లాడుతున్నారు, మిల్లు సంగతెవరూ ఎత్తరేం? తెలియని రకం తీసుకెళ్తే ‘నూక ఎక్కువ’ అని బస్తాకి ఇంత కోస్తాడు. ఆసామికి కౌలు మాత్రం పండినా ఎండినా అన్నే బస్తాలు. కొత్త రకం మీద ప్రయోగం సొంత పొలం ఉన్నోళ్లు చెయ్యండి బాబూ.

కాలువ గట్టు: ఇది మాత్రం కరెక్ట్. మిల్లు ఒప్పుకోని వంగడం గాదెలో ఎలకలకే. అయినా వంతుల విషయంలో నా మాట మారదు.

శివారు రైతు: వంతు కోసం గొడవ మానను లెండి, మా నాన్న కాలం నుంచీ ఉన్నదే. విత్తనం దొరికితే మాత్రం అర ఎకరం వేస్తాను, నా తిండి గింజలకి కాబట్టి మిల్లుతో పని లేదు. ఒక్కటే షరతు. తూము పక్క మడిలో వేసి బాగుందంటే ఒప్పుకోను. మా చేను చివర, డ్రెయిన్ గట్టు పక్క మడిలో నాటాలి, నీళ్లు ఆపడం ప్రత్యేకంగా ఎవరూ చెయ్యక్కర్లేదు.