ట్రాప్ కెమెరాలో పగలంతా ఖాళీ ఫొటోలు, రాత్రి ఒక్కటీ పడటం లేదు. సెన్సర్ పోయిందా?

పొలంగట్టు:
జంతువు వస్తే దానంతటదే ఫొటో తీసే ఈ కెమెరాని గట్టు మీద చెట్టుకి కట్టి పది రోజులైంది. కార్డు తీసి చూస్తే 1,200 ఫొటోలు, దాదాపు అన్నీ పగటివే, గడ్డి తప్ప ఏమీ లేదు. మొదటి మూడు రాత్రులు నక్క పడింది, తర్వాత ఒక్కటీ లేదు, అడుగుజాడలు మాత్రం రోజూ కెమెరా ముందు నుంచే వెళ్తున్నాయి. బ్యాటరీ సగం ఉన్నట్టే చూపిస్తోంది.

నిశాచరి:
బ్యాటరీలే. ఆల్కలైన్ అయితే సందేహమే వద్దు. పగటి ఫొటోకి పెద్దగా కరెంటు అక్కర్లేదు, రాత్రి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలన్నీ ఒక్కసారిగా వెలగాలి, ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే ఫొటో రాదు. తెర మీద చూపే సగం, ఎల్‌ఈడీలు వెలగనప్పటి లెక్క. లిథియం వేయండి, దాదాపు చివరిదాకా 1.5 వోల్టుల దగ్గరే నిలబడతాయి.

చిత్తడినేల:
ముందు కెమెరా ఏ దిక్కు చూస్తోందో చెప్పండి. అందులోని పీఐఆర్ సెన్సర్, అంటే వేడి తేడాని పసిగట్టే భాగం, ఉత్త కదలికను పట్టుకోదండీ, చుట్టూ ఉన్నదానికంటే వేడిగానో చల్లగానో ఉన్నదేదైనా దాని ముందు జరిగితేనే మేల్కొంటుంది. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా దానికి జంతువు కిందే లెక్క. జంతువు నేరుగా ఎదురొస్తే సరిగా పట్టుకోలేదు, అడ్డంగా దాటితే పట్టుకుంటుంది. గడ్డి కోసి, కెమెరాని బాటకి కాస్త ఏటవాలుగా తిప్పండి.

నిశాచరి:
మూడు రాత్రులు పడిన నక్క నాలుగో రాత్రి నుంచి పడలేదంటే దిక్కు ఎలా కారణమవుతుంది? దిక్కు మారలేదు కదా.

చిత్తడినేల:
నేను చెప్పేది ఆ పన్నెండు వందల ఖాళీ ఫొటోల గురించి.

నిశాచరి:
ఆయన అడిగింది రాత్రి గురించి.

గూటిపక్షి:
కార్డు కెమెరాలోనే ఫార్మాట్ చేశారా? చాలా పాత కెమెరాలు 32 జీబీ దాటితే తీసుకోవు.

పొలంగట్టు:
32 జీబీదే, కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. ఆల్కలైన్ బ్యాటరీలే. పడమర చూస్తోంది.

చిత్తడినేల:
పడమరా! సాయంత్రం ఎండంతా నేరుగా సెన్సర్ మీదే.

నిశాచరి:
సరే, తిప్పండి. సెన్సిటివిటీ తగ్గించి, ఫొటోకీ ఫొటోకీ మధ్య ఐదు నిమిషాల విరామం కూడా పెట్టండి. బ్యాటరీ మిగులుతుంది.

చిత్తడినేల:
ఆ ఒక్క మాట మాత్రం వినకండి. నిశాచరి గారూ, పోయినేడాది మీరే చెప్తే నేను అచ్చం అలాగే పెట్టాను. తల్లి నీటికుక్క వెళ్లింది, ఫొటో పడింది, ఆ ఐదు నిమిషాల్లో వెనకే పిల్లలు దాటిపోయాయి. పొద్దున బురదలో చిన్న చిన్న అడుగులు చూశాను, ఎన్ని పిల్లలో కూడా లెక్క తేలలేదు. అవి మళ్లీ అటు రాలేదు. రెండు వేల ఖాళీ ఫొటోలైనా కూర్చుని చూస్తాను గానీ అలాంటిది ఇంకోసారి పోగొట్టుకోలేను.

నిశాచరి:
ఆ మాట నేనే అన్నాను, మీకు అలా జరిగినందుకు బాధగానే ఉంది. కానీ మీరు రెండు రోజులకోసారి వెళ్లి చూసుకోగలరు. నా కెమెరాల దగ్గరికి నేను నెలకోసారి వెళ్లడమే ఎక్కువ. పదో రోజుకే ఆగిపోయిన కెమెరా మిగతా ఇరవై రోజులూ అన్నీ వదిలేసినట్టే కదా? మీరు ఓపిక గురించి మాట్లాడుతున్నారు, నాకున్న చిక్కు అది కాదు.

చిత్తడినేల:
ఈ సంగతి అప్పుడే చెప్పి ఉంటే నేను ఆ సెట్టింగ్ పెట్టేవాణ్ణి కాదు. పొలంగట్టు గారూ, మీరు ఎన్నాళ్లకోసారి వెళ్తారు?

పొలంగట్టు:
రోజూ సాయంత్రం ఆ గట్టు మీదుగానే వెళ్తాను. నక్క ఒక్కటేనా, జంటా అన్నది తెలిస్తే చాలు.

చిత్తడినేల:
అయితే విరామం వీలైనంత తక్కువ పెట్టండి, ఒక్కోసారికి మూడు ఫొటోలు. జంట అయితే రెండోది వెనకాలే వస్తుంది.

నిశాచరి:
ఈయనకి అదే సరైనది, ఒప్పుకుంటాను. కానీ ఇవాళ బ్యాటరీలు మాత్రమే మార్చండి, ఇంకేదీ కదపకండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

చిత్తడినేల:
గడ్డి కోయడానికి కూడా ఆగాలా?

నిశాచరి:
ఒక్క రాత్రి ఆగాలి.