ఇన్సినరేటర్‌లో స్ప్రే డబ్బా పేలితే తప్పు కాల్చిన కుర్రాడిదా?

అమలాపురం వాసి: మా తమ్ముడు సరుకు ఓడలో వైపర్, అంటే ఇంజన్ గదిలో తుడిచి శుభ్రం చేసే కుర్రాడు. వంటగది ముందున్న చెత్త సంచి తెచ్చి ఇన్సినరేటర్‌లో, అంటే చెత్త కాల్చే కొలిమిలో వేశాడు. అందులో స్ప్రే డబ్బా ఉందట. ఇంకో సంచి వేద్దామని తలుపు తీసేసరికి డబ్బా పేలింది, ముంజేయి బొబ్బలెక్కింది. "సంచి చూసుకోకపోవడం నా తప్పే" అని కాగితం రాసి సంతకం పెట్టమంటున్నారు. ఇది న్యాయమేనా?

పాత ఫిట్టర్, కాకినాడ: మంట ఉండగా తలుపు ఎలా తెరుచుకుంది? చేత్తో చెత్త వేసే రకానికి ఇంటర్‌లాక్, అంటే వేడిగా ఉన్నంతసేపు తలుపు తెరుచుకోనివ్వని ఏర్పాటు ఉంటుంది. కొలిమి వేడి 220 డిగ్రీల లోపుకు దిగితే గాని తలుపు రాకూడదు. ఎవరో దాన్ని తీగతో కట్టేసి ఉంటారు.

గ్యాలీ మనిషి: వంటగదిని లాగకండి. మాకు రంగు స్ప్రేతో పనేమిటి? అది డెక్ వాళ్లదే.

అమలాపురం వాసి: రంగు స్ప్రే అని నేను అనలేదే!

అంతర్వేది ఇంజనీరు: స్ప్రే డబ్బాలు, బ్యాటరీలు లోపల వేయకూడదని యంత్రం పక్కనే బోర్డు ఉంటుంది. పీవీసీ అయితే ఆమోదం పొందిన యంత్రంలోనే కాల్చాలి. సంచి విప్పి చూడటం కాల్చేవాడి పని.

పాత ఫిట్టర్, కాకినాడ: తలుపు సంగతి చెప్పండి.

యానాం అల్లుడు: అసలు కాల్చడం ఎందుకు? రేవులో దింపేస్తే పోలేదా?

అంతర్వేది ఇంజనీరు: కాకినాడ యాంకరేజ్ చూశారా? ఓడ ఒడ్డుకు దూరంగా ఆగుతుంది, బియ్యమే బార్జీల మీద వెళ్తుంది. చెత్త కోసం వేరే పడవ పిలిస్తే ఖర్చు. 2013 నుంచి ఇన్సినరేటర్ బూడిదను కూడా సముద్రంలో పోయకూడదు. అందుకే బస్తాల కొద్దీ పేరుకునే బదులు పిడికెడు బూడిద చేసి దాచుకుంటారు. అయినా ప్రమాదమని తెలిసినప్పుడు కాల్చనని చెప్పే హక్కు ఉంది కదా, మీ తమ్ముడికి నోరు లేదా?

అమలాపురం వాసి: నోరుందండీ, అప్పు కూడా ఉంది. ఏజెంటుకు కట్టడానికి నాన్న కొబ్బరితోట తాకట్టు పెట్టారు. ఎదురు చెబితే మధ్యలోనే ఇంటికి పంపుతారు. మీరు ఇంజనీరు గారు, మిమ్మల్ని ఎవరు పంపుతారు?

అంతర్వేది ఇంజనీరు: నేనూ వైపర్లను చూసినవాణ్ణే. అందరూ బీదవాళ్లమే అంటారు, గ్లౌజులు వేసుకోమంటే మాత్రం చెమట అంటారు.

పాత ఫిట్టర్, కాకినాడ: ఇంజనీరు గారూ, ఇంటర్‌లాక్ బాగుచేయించాల్సింది మీలాంటివారే కదా! ఇక అమలాపురం బాబూ, 2006 సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

అమలాపురం వాసి: కూడదని నాకూ తెలుసు. రసీదు ఎవరిచ్చారు?

పాత ఫిట్టర్, కాకినాడ: సరే, సంతకం పెట్టనివ్వకండి.

అమలాపురం వాసి: నిన్ననే పెట్టేశాడు.

పాత ఫిట్టర్, కాకినాడ: అయినా చెత్త రికార్డు పుస్తకంలో ఆ రోజు పద్దు ఉండాలి. కాల్చడం మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ రాస్తారు. ఆ పేజీకి, తలుపుకు ఫొటో తీసి పెట్టుకోమనండి, తీగ విప్పేయకముందే.

గ్యాలీ మనిషి: ఏ రంగైనా ఆ డబ్బా వంటగదిది కాదు.